రక్తపుపోటు - గుండెనడక

మన యిండ్లలో కొలువని వస్తువు లేదు. పాలు కొలిచి పోయించుకొందుము. బియ్యము కొలిచి యెసటిలో వేయుదుము. పూర్వము సోలతోను తవ్వతోను కొలిచితిమి. నేడు లీటరులతోను కిలోలతోను కొలుచుచున్నాము. బిడ్డ నొసలు వెచ్చగా తోచినచో మన చేతిని మనమే నమ్మక జ్వరమానిని తెచ్చి చూతుము. ఇన్ని కొలుచు గృహిణిని “నీ రక్తపుపోటు ఎంత?” యని యడిగినచో ప్రత్యుత్తరము రాదు. మమ్ము నడిగినపుడును రాలేదు. ఆ తెలియనితనమునకు మా యింట చెల్లించిన మూల్యమును సోదరీమణులకు విన్నవించుటకే యీ వ్రాత.

మా వారు ఉన్నత పాఠశాలలో నుపాధ్యాయులు. మేము బడికి పోయి చదివినవారము కాము. మా తండ్రిగారు ఇంటనే అమరము, భారతము, కొన్ని కావ్యములు చెప్పిరి. వైద్యము మా చదువు కాదు. కావున నిందు చెప్పునది మా యింట జరిగినదియు, డాక్టరుగారివలన వినినదియు, పిమ్మట చదివి తెలిసికొనినదియు మాత్రమే.

మా అత్తగారికి 66 ఏండ్లు. ఆరేండ్లుగా రక్తపుపోటునకు దినమునకొక మాత్ర వేసికొనుచుండిరి. రెండేండ్ల క్రిందట కార్తీకమాసమున పరీక్షకు తీసికొనిపోగా, పోటు 128/80 ఉన్నదనియు, బాగున్నదనియు డాక్టరుగారు చెప్పిరి. ఆ “బాగున్నది” యను మాటను మేము తలక్రిందుగా నర్థము చేసికొంటిమి. ఇంటికి వచ్చిన పిదప అత్తగారు, “బాగున్నప్పుడు మాత్ర లెందుకమ్మా? వేసికొన్ననాడెల్ల నీరసముగా నుండుచున్నది” అనిరి. మేమును, “నిజమే అత్తయ్యగారూ, కొన్నాళ్లు మాని చూతము” అంటిమి. ఈ సంగతి మా వారికైనను చెప్పలేదు.

మానిన నాలుగు మాసములును అత్తగారికి తలనొప్పి లేదు. కన్ను తిరుగుట లేదు. మా యాలోచన సరియైనదేయని లోలోన గర్వించితిమి కూడ. నడుమ నడుమ వారు, “గుండెలో పిచ్చుక కొట్టుకొనుచున్నట్లున్నదే అమ్మాయీ” అని రెండు మూడు మారులనిరి. ఉపవాసముల బడలిక యని తలచి మజ్జిగ కలిపి యిచ్చితిమి.

ఫాల్గుణమాసమున నొకనాటి యుదయము. అత్తగారు పూజకు పూలు కోయుచు విష్ణుసహస్రనామము చదువుకొనుచుండిరి. నలువది యేండ్లుగా పుస్తకము చూడక పఠించువారు. మేము వంటయింట పాలు కాచుచు వినుచుంటిమి. ఉన్నట్లుండి నామములు జారిపోజొచ్చినవి. అక్షరములు ఒకదానిలో నొకటి కలిసిపోవుచున్నవి. చిన్ననాటినుండి శ్లోకములు విని పెరిగిన చెవి గనుక వెంటనే తోచినది. నిదురలేమి కాబోలునని బయటికి వచ్చి చూతుము గదా, వారి నోరు ఒక ప్రక్కకు వంగియున్నది. కుడిచేతిలోని పూలపళ్లెము జారి నేలపై పడినది. వంగి తీసికొనబోయిరి గాని చేయి మాట వినలేదు.

మా వారు 108కి ఫోను చేసిరి. పట్టణమునందలి ఆసుపత్రి చేరునప్పటికి గంటన్నర గడచినది. అక్కడ మమ్మడిగిన మొదటి ప్రశ్న, “ఇది ఎన్ని గంటలకు మొదలైనది?” అని. 6 గంటల 20 నిమిషములకని చెప్పగలిగితిమి. అది పాలు పొంగిన వేళ. మెదడునకు పోవు నాళములో గడ్డ యడ్డుపడి వచ్చు పక్షవాతమునకు, ఆ గడ్డను కరిగించు మందును నాలుగున్నర గంటలలోపలనే యీయవలెనట. ఆ వేళ దాటినచో మేలుకన్న కీడెక్కువ. అందుచేత నోరు వంగుట, చేయి వ్రాలుట, మాట తడబడుట యను మూడింటిలో నేదైన నొకటి కనబడినను, కషాయములని, దిష్టియని కాలము పుచ్చక, గడియారము చూచి వెంటనే ఆసుపత్రికి పోవలెను.

రెండవ ప్రశ్న, “ఏ మందులు వాడుచున్నారు?” అని. మా వారు మా వైపు చూచిరి. “పోటు మాత్ర వాడుచుండిరి. నాలుగు మాసముల క్రిందట మేమే మాన్పించితిమి” అని చెప్పితిమి. అంతకన్న బరువైన మాట మేమింతవరకు పలికి యెరుగము.

అప్పుడు వారి పోటు 212/114. గడ్డను కరిగించు మందు ఎక్కించుటకు ముందు పోటును 185/110 లోపలికి దింపవలెను. లేనిచో మెదడులో రక్తస్రావము కలుగవచ్చును. ఆ దింపుటకే ముప్పాతిక గంట పట్టినది. ఆ ముప్పాతిక గంట మేము గోడనానుకొని నిలుచుండి, మానిపించిన మాత్రల నొక్కటొక్కటిగా లెక్కపెట్టుకొంటిమి. పిమ్మట తీసిన ఈ.సీ.జీ.లో నాడి క్రమము తప్పియున్నదని తేలినది. గుండెలోని పిచ్చుక అదియే. మేము మజ్జిగ పోసి నిద్రపుచ్చితి మనుకొన్న పిచ్చుక!

ఇక నీ రెండు వ్యాధుల సంబంధమును మాకు తెలిసినంతవరకు చెప్పెదము.

బృహదారణ్యకోపనిషత్తునందు హృదయమను పదమును మూడక్షరములుగా విడదీసి, తెచ్చుట, ఇచ్చుట, పోవుట యని యర్థము చెప్పబడినది. అక్కడి తాత్పర్యము వేదాంతపరమైనదే యైనను, గుండె చేయు పనికి నింతకన్న పొందికైన మాటలు దొరకవు. గుండెకు పైన రెండు గదులు, క్రింద రెండు గదులు. పైవి కర్ణికలు, క్రిందివి జఠరికలు. పైగదులు రక్తమును తెచ్చుకొని క్రిందిగదుల కిచ్చును. అవి దేహమునకు పంపును. కుడి కర్ణిక పైభాగమున నొక చిన్న కణజాలము కలదు. అదియే తాళము వేయును. నిమిషమునకు 70 చొప్పున నైనను దినమునకు లక్షసారులు గుండె కొట్టుకొనును.

ఈ రక్తము నాళముల గోడలమీద వేయు నొత్తిడియే రక్తపుపోటు. దీనిని మొదట కొలిచినవాడు స్టీఫెన్ హేల్స్ అను ఆంగ్లేయ మతాచార్యుడు. ఒక గుఱ్ఱపు నాళములో గాజుగొట్టము నమర్పగా రక్తము 8 అడుగుల 3 అంగుళముల యెత్తున కెగసినదని 1733లో ప్రకటించెను. మనుష్యుని నొప్పింపక చేతికి పట్టీ కట్టి పాదరసముతో కొలుచు సాధనమును 1896లో ఇటలీ దేశపు వైద్యుడు రివా-రోచ్చి కల్పించెను. పట్టీ బిగించి వదలునపుడు నాళమున వినవచ్చు చప్పుళ్లను 1905లో రష్యా వైద్యుడు కొరొత్కోవ్ వివరించెను. చప్పుడు మొదలైనచోట పై అంకె. చప్పుడు మాయమైనచోట క్రింది అంకె. గుండె ముడుచుకొన్నప్పటి యొత్తిడి మొదటిది, విశ్రమించినప్పటిది రెండవది. ఆసుపత్రిలో పలుమారులు చూచినపుడు 140/90 గాని అంతకు మించి గాని యున్నచో అధికపుపోటు అందురు. ఇంట కొలిచినపుడు 135/85 నే హద్దుగా నెంచవలెను.

పోటు హెచ్చినను దేహమునకు తెలియదు. దీని మాయ యంతయు నిందే యున్నది. తెలియకయే యది నాళములను గట్టిపరచును, మూత్రపిండములను చెరచును, గుండెను శ్రమపెట్టును. ఏండ్ల తరబడి యొత్తిడికి లోనైన పైగదులు సాగిపోవును. సాగిన గది తాళము తప్పును; కొట్టుకొనుటకు మారుగా వణకును. దీనినే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అందురు. వణకు గదిలో రక్తము నిలువయుండును. నిలువనీరు పాచిపట్టినట్లు నిలువరక్తము గడ్డకట్టును. ఆ గడ్డ ఊడి మెదడునకు పోయినచో పక్షవాతము. ఈ గుండెవణకు గలవారికి పక్షవాతపు భయము లేనివారికన్న సుమా రైదురెట్లు. కావున పోటునకు మాత్ర వేసికొనుట యన పోటునకొక్కదానికే కాదు. గుండెనడకను కాపాడుట కూడ.

మందులేని కాలమున నిట్టివారి గతి యెట్లుండెడిదో యొక యుదాహరణము చాలును. అమెరికా దేశాధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టు పోటు 1944 మార్చిలో 186/108గా నుండెను. ఎందరు వైద్యులున్నను, ఉప్పు తగ్గించుట, విశ్రాంతి మొదలగునవి తప్ప పోటును నమ్మకముగా దింపు మాత్ర యానాడు లేదు. 1945 ఏప్రిల్ 12వ తేదీన పోటు 300/190కి చేరి, మెదడులో రక్తస్రావమై, 63వ యేట గతించెను. తేలికగా వాడదగిన క్లోరోథయజైడ్ అను మాత్ర 1958లో గాని బజారునకు రాలేదు. అంతటివానికి దొరకనిది నేడు మన వీధిచివర మందులకొట్టులో దొరకుచున్నది. అట్టిదానిని మేము అలమారులో నుంచి మరచితిమి!

మన దేశమునకును నిందు పాలు కలదు. సర్పగంధ వేరుచూర్ణము పోటును తగ్గించునని 1931లో కలకత్తా వైద్యులు గణనాథ సేన్, కార్తిక్ చంద్ర బోస్ ప్రకటించిరి. ఆ కాలముననే సలీముజ్జమాన్ సిద్దిఖీ యా వేరునుండి యొక సారము తీసి, హకీం అజ్మల్ ఖాన్ పేర అజ్మలిన్ అని పేరిడెను. అది పిమ్మట గుండెనడక సవరించు మందులలో నొకటి యైనది. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగుల యనుభవమును బ్రిటిషు పత్రికలో ప్రకటించి సర్పగంధను లోకమునకు పరిచయము చేసెను. ఒకే వేరునుండి పోటునకును నడకకును మందులు పుట్టుట చూడుడు! అయితే యా వేరు నింట నూరి త్రాగుట తగదు. దానివలన మనోవ్యాకులము కలుగుట నెఱిగి, వైద్యులే దాని వాడుకను మిక్కిలి తగ్గించిరి.

ఇక మా సంగతి. అత్తగారు ఆసుపత్రిలోనున్న మూడవనాడు అక్కడి నర్సు, “అమ్మగారూ, మీదియు చూతమా?” అని మా చేతికి పట్టీ కట్టెను. 148/96! మాకు 36 ఏండ్లు. అలసటవలన ననుకొని వారము దినములు పలుమారులు చూపించుకొంటిమి, తగ్గలేదు. “కాన్పులలో పోటు వచ్చినదా?” యని డాక్టరుగారడిగిరి. రెండవ కాన్పులో 20 వారములు దాటిన పిదప వచ్చినది; బిడ్డ పుట్టగానే తగ్గినది; మరచిపోతిమి. గర్భిణిగా నున్నపుడు పోటు వచ్చిన స్త్రీకి తరువాతి యేండ్లలో నది మరల వచ్చు నవకాశ మెక్కువయనియు, అట్టివారు ఏటేట తప్పక చూపించుకొనవలెననియు నప్పుడు తెలిసినది. ఇది చదువు తల్లులలో నట్టివా రుందురు. వారికొఱకే యీ వాక్యము ప్రత్యేకముగా వ్రాయుచున్నాము.

గుండె గంతువేసినట్లగుట మాకును నుండెను. శార్ఙ్గధరుడు నాడినడకలను పాము, జలగ, కాకి, కప్ప, హంస, పావురముల నడకలతో పోల్చిన సంగతి మా తండ్రిగారు చెప్పగా వినియుంటిమి. మాది కప్పగంతయని భయపడితిమి. పరీక్షలో నడుమ నడుమ నొక దెబ్బ ముందుగా పడుచున్నదనియు, బలమైన గుండెలో నది సాధారణముగా నపాయము కాదనియు తేలినది. దానికి తోడు రక్తహీనత బయటపడినది. రక్తము తక్కువైనను, థైరాయిడు హెచ్చైనను గుండె దడ కలుగును. కావున దడ యనగానే ప్రాణభయము వలదు. అలసటయని త్రోసివేయుటయు వలదు. దడతో స్పృహ తప్పినను, ఱొమ్ము నొచ్చినను, ఊపిరాడకున్నను తత్‌క్షణమే పోవలెను.

ఇంట పోటు కొలుచుకొనుటకు నేడు చిన్న యంత్రములు దొరకుచున్నవి. దానికొక విధి కలదు. కాఫీ త్రాగిన యరగంట వరకు చూడరాదు. మూత్రవిసర్జనము చేసి, వీపున కానిక గల కుర్చీలో 5 నిమిషము లూరక కూర్చుండవలెను. కాలుమీద కాలు వేయక పాదములు నేలనాన్చవలెను. చేయి బల్లమీద గుండె యెత్తున నుండవలెను. పట్టీ జాకెట్టు చేతిమీద కాక చర్మముపై కట్టవలెను; చేయి లావుగా నున్నవారికి పెద్దపట్టీ కావలెను, లేనిచో అంకె లేనిపోని హెచ్చు చూపును. కొలుచునపుడు మాటలాడరాదు. పొయ్యిమీద కూర కలుపుచు, పిల్లలను కేకవేయుచు చూచుకొన్న పోటు పోటు కాదు. నిమిషము విడిచి రెండవమారు చూచి రెండును వ్రాయవలెను. నాడి క్రమము తప్పినవారు మూడుమారులు చూచుట మేలు. మణికట్టున బొటనవ్రేలి క్రింద రెండువ్రేళ్లుంచి నాడిని నిమిషమంతయు లెక్కించుటయు నలవరచుకొనవలెను; విశ్రాంతిలో 60 నుండి 100 లోపల నుండుటయేగాక, తాళము సమముగానున్నదా లేదా యని చూడవలెను.

ఇక వంటయింటి మాట. పెద్దవారికి దినమునకు 5 గ్రాముల ఉప్పు లోపల, అనగా చిన్న చెంచాడు లోపలనే చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. గృహిణి భాషలో చెప్పవలెనన్న, ఐదుగురున్న యింట కిలో ఉప్పు 40 దినములు రావలెను. మా యింట 25 దినములకే యైపోవుచుండెను. అందులో నూరగాయల ఉప్పు చేరలేదు! అప్పడములు, వడియములు, ఊరమిరపకాయలు వేరు. అత్తగారు అన్నిటికి నొప్పుకొనిరి గాని ఆవకాయ విడువుమనిన కంట నీరు పెట్టుకొనిరి. అరచెంచాతో కొలిచి, వారమునకు రెండుదినములని యొడంబడిక చేసికొంటిమి. కొత్త ఊరగాయల కాలమున నా యొడంబడికకు భంగము వాటిల్లినదని నిజము చెప్పుకొనుచున్నాము; కాని పప్పులోను పులుసులోను ఉప్పు తగ్గి, నిమ్మరసము, మిరియము, కొత్తిమీర హెచ్చినవి. బజారున దొరకు తక్కువ సోడియము ఉప్పులో పొటాసియముండును గనుక మూత్రపిండముల వ్యాధి గలవారు వైద్యు నడుగక వాడరాదు.

గుండెవణకు గలవారికి పోటు మాత్రతోపాటు రక్తము గడ్డకట్టకుండ చేయు మందు నిత్తురు. వానిలో వార్ఫరిన్ అనునది వాడువారు తోటకూర, పాలకూర, గోంగూరలను మానవలసిన పనిలేదు. ఒకవారము లేక, మరియొకవారము దినదినము వండుట మాత్రము కూడదు. ఆకుకూరలోని విటమిను కె ఆ మందునకు విరుద్ధము గనుక ప్రతివారమును సమముగా తినవలెను, చెప్పిన గడువునకు రక్తము పరీక్షింపించుకొనవలెను. అత్తగారికి వేరొక మందు నిచ్చిరి గనుక మాకీ లెక్క తప్పినది. మోకాళ్లనొప్పికని కొట్టులో నడిగి కొను మాత్రలు పోటును హెచ్చింపగలవు. ఈ మందులతో కలిసినచో రక్తస్రావము కలిగింపగలవు. వైద్యునితో చెప్పక ఏదియు చేర్చరాదు, ఏదియు మానరాదు.

“ఒకసారి మొదలుపెట్టినచో జీవితాంతము వేసికొనవలెను గదా” యని భయపడువారు కలరు. మేమును నట్లే భయపడితిమి. దీపము వెలుగుచున్నదని నూనె పోయుట మానుదుమా? వెలుగుచున్నది నూనె యుండుటవలననే. అత్తగారి పోటు 128 ఉన్నది మాత్ర వేసికొనుటవలననే. మాత్ర యక్కరలేక కాదు. మాత్రవలన నీరసము తోచినచో ఆ మాటను వైద్యునకు చెప్పవలసినది. మందు మార్చుటకు, తగ్గించుటకు వారికి మార్గములు కలవు. మేము చెప్పవలసినచోట చెప్పక, నిశ్చయింపరానిచోట నిశ్చయించితిమి.

మా వారు మమ్ము నొక్కమాటయు ననలేదు. ఆసుపత్రినుండి వచ్చిన మరునాడు బడిలోని హాజరుపట్టీవలె గళ్లుగీసిన పుస్తక మొకటి తెచ్చి యిచ్చిరి. ఒక వరుస అత్తగారిది, ఒకటి మాది, ఒకటి వారిది. ఉదయము మాత్ర వేసికొనినవారికి హాజరు, లేనివారికి సున్న. మా చిన్నకుమార్తె దానిని పిలుచు బాధ్యత వహించినది. “బామ్మా!” యనగానే అత్తగారు “హాజరు” అని చేయి యెత్తుదురు. ఎత్తునది ఎడమచేయి.

మాట తిరిగి వచ్చినది. సహస్రనామము ఇప్పుడు తప్పు లేక సాగుచున్నది. కాని కుడిచేతి వ్రేళ్లకు పట్టు పూర్తిగా రాలేదు. మా వీధిలో ముగ్గునకు పేరెన్నికగన్న చేయి యది. మొన్న సంక్రాంతికి వారు అరుగుమీద కుర్చీ వేయించుకొని కూర్చుండి, “పదునైదు చుక్కలు... సందుచుక్క యెనిమిది... అక్కడ త్రిప్పవమ్మా” అని చెప్పుచుండగా మేము పిండి పోసితిమి. గీత వంకర పోయిన ప్రతిచోటను వారి చేయి తానై కొంచెము కదలుట చూచితిమి.

సోదరీమణులారా! ఈ వారము తీరిక చేసికొని మీ పోటు చూపించుకొనుడు. ఆ రెండంకెలను పాలలెక్క వ్రాయు పుస్తకముననే తేదీ వేసి వ్రాయుడు. ఇంట పెద్దవారి మాత్రల డబ్బా నొకసారి తెరచి చూడుడు. అందులో నెన్ని యుండవలెనో, ఎన్ని మిగిలియున్నవో లెక్కింపుడు.